పచ్చ పసిడిగా మారే వేళ... కృష్ణమ్మపై పడవ ఎప్పుడెక్కాలి?

కృష్ణా డెల్టాలో ఆకు రంగు మారడం చెట్టు మీద కన్నా ముందు చేలో కనిపిస్తుంది. ఆశ్వయుజం దాకా ముదురు పచ్చగా ఊగిన సార్వా వరి, కంకి బరువెక్కి వంగేకొద్దీ పసుపు తిరుగుతుంది. నవంబరు మూడో వారానికి బందరు కాలువ కింది పొలాల్లో ఒక్కో మడి ఒక్కో వన్నెలో ఉంటుంది: ఒకటి లేత పచ్చ, పక్కది నిమ్మపండు రంగు, ఆ పక్కది కోతకొచ్చిన బంగారం. చెట్ల సంగతి వేరు. ఈ నేల మీద అడవి చెట్టు ఆకు రాల్చేది నీళ్లు చాలకపోవడం వల్ల. వానలు వెనుదిరిగి, భూమిలో తేమ ఇంకిపోయాక గానీ దానికి ఆ అవసరం రాదు. అందుకే నల్లమలలో ఆకు రాగిరంగుకు తిరిగేది పుష్య, మాఘ మాసాల్లో. రంగులు చూడ్డానికి పడవెక్కాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ రంగు కావాలన్నది. తేదీ దాన్నిబట్టి వస్తుంది.

చలిదేశాల్లో ఈ లెక్క సులువు. పగలు తగ్గి రాత్రి పెరుగుతున్నకొద్దీ మేపుల్, ఓక్, బర్చ్ చెట్లు చలికాలానికి సిద్ధమవుతాయి. ఆకుల్లోని పత్రహరితాన్ని విడగొట్టి, అందులోని నత్రజనిని కొమ్మల్లోకి, వేళ్లలోకి లాక్కుంటాయి. పచ్చదనం తప్పుకోగానే అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారవుతుంది. బాగా ఎండ కాసే పగళ్లు, మంచు గడ్డకట్టనంత చల్లని రాత్రులు వరసగా వస్తే ఆ ఎరుపు చిక్కబడుతుంది. కెనడాలోని క్విబెక్‌లో, అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్‌లో సెప్టెంబరు చివర మొదలయ్యే ఈ రంగు అక్టోబరు పొడవునా దక్షిణానికి దిగుతూ వస్తుంది. హడ్సన్ నది లోయకు అక్టోబరు రెండో సగంలో, న్యూజెర్సీకి ఆ నెలాఖరుకు చేరుతుంది. న్యూయార్క్, బోస్టన్ రేవుల నుంచి సెయింట్ లారెన్స్ నదిలోకి వెళ్లే ఓడలకు గిరాకీ ఉండేది ఈ రోజుల్లోనే. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అక్టోబరు శనాదివారాలంటే హడ్సన్ ఒడ్డు ప్రయాణమే. అక్కడ వారం ముందు వెళ్తే పచ్చ, వారం ఆలస్యమైతే మోడు.

వరి మొక్కలో జరిగేదీ దాదాపు అదే. పాలు పోసుకునే దశ నుంచి గింజ గట్టిపడే దాకా, ఆకుల్లోని నత్రజని కంకిలోకి తరలిపోతుంది. పత్రహరితం విరిగిపోయి పసుపు మిగులుతుంది. ముందు అడుగు ఆకులు పండుతాయి, కంకిని అంటిపెట్టుకున్న చివరి ఆకు అన్నిటికన్నా ఆలస్యంగా రంగు మారుతుంది. తేడా ఒక్కటే. మేపుల్ చెట్టు పొదుపు చేసుకున్నది వచ్చే వసంతానికి దాచుకుంటుంది, వరి ఆ ఏటి గింజలోనే పెట్టేస్తుంది.

డెల్టాలో ఈ రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి కాక, కాలువ తల నుంచి శివారుకు నడుస్తుంది. జూన్, జూలైల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీళ్లు ముందు ఎగువ భూములకు అందుతాయి. నాట్లు అక్కడ ముందు పడతాయి. దివిసీమ, కృత్తివెన్ను లాంటి శివారు ప్రాంతాలకు నీరు చేరేసరికి రోజులు, కొన్నేళ్లలో వారాలు గడుస్తాయి. నాటు ఎంత వెనకబడితే పంట అంత వెనకబడుతుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి లాంటి ఐదు నెలల రకాలు వేసినచోట పసిడి మరింత ఆలస్యం. కంకిపాడు వైపు కోతలు మొదలైన రోజుల్లో నాగాయలంక వైపు చేలు ఇంకా పసుపు పచ్చల మధ్య ఉండటానికి కారణం ఇదే. నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు రెండో వారం దాకా డెల్టాలో ఎక్కడో ఒకచోట రంగు నిండుగా ఉంటుంది. ఆ నెల రోజులూ డెల్టాకు అసలైన రంగుల కాలం.

నది గడియారం

రంగు ఒక్కటే చూసుకుంటే చాలదు, పడవ నడవాలి. కృష్ణ మీద పడవ నడవడం, నడవకపోవడం ఎగువన వందల కిలోమీటర్ల దూరంలో నిర్ణయమవుతుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించే నదికి దారి పొడవునా ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఆనకట్టలున్నాయి. పడమటి కనుమల్లో జూలైలో కురిసిన వాన ముందు ఆల్మట్టిని నింపాలి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి నిండాలి. ఆ వరసలో విజయవాడకు వరద చేరేది సాధారణంగా ఆగస్టులోనో సెప్టెంబరులోనో. మంచి వానలున్న ఏడాది అక్టోబరు మధ్య దాకా గేట్లు దించే వీలే ఉండదు.

విజయవాడ దగ్గర పడవలు తిరిగేది బ్యారేజీ వెనక నిలిచే నీటిలో. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పన్నెండు అడుగుల మట్టంలో నిలబెట్టుకునే నీరు మూడు టీఎంసీల పైచిలుకే. పులిచింతల సామర్థ్యం 45.77 టీఎంసీలు. అంటే పైనుంచి వచ్చే వరదను బ్యారేజీ ఆపలేదు, వచ్చింది వచ్చినట్టు సముద్రానికి వదలాల్సిందే. దీనికితోడు పులిచింతలకు దిగువన మున్నేరు, వైరా, కట్లేరు నీళ్లు పెద్ద జలాశయమేదీ పట్టకుండా వచ్చి కలుస్తాయి. ఖమ్మం జిల్లాలో రాత్రంతా వాన కురిస్తే మర్నాటికి విజయవాడ ఘాట్ల దగ్గర నీటి రంగే మారిపోతుంది.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో అదే జరిగింది. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది మధ్యనున్న భవానీ ద్వీపం మునిగింది. ఎగువన కట్టి ఉన్న భారీ పడవలు తెంచుకుని వచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొన్నాయి. విజయవాడ మీదకు బుడమేరు వాగు వచ్చిపడిందీ అప్పుడే. అంతకుముందు 2009 అక్టోబరు మొదటి వారంలో, వరద సీజను దాదాపు ముగిసిందనుకున్న సమయంలో, కృష్ణ అలాగే విరుచుకుపడింది. అక్టోబరు తొలి పక్షంలో ప్రయాణం పెట్టుకోవడం మంచిది కాదనడానికి ఆ సంవత్సరం ఒక్కటే చాలు.

నదిలో వరద ఉందో లేదో ఊరంతటికీ తెలిసే సందర్భం ఒకటుంది. దసరా చివరి రోజు ఇంద్రకీలాద్రి అమ్మవారి తెప్పోత్సవం. నీరు నిలకడగా ఉన్న ఏడాది ఉత్సవమూర్తులను హంస వాహనంపై కృష్ణలో విహరింపజేస్తారు. ప్రవాహం ఎక్కువగా ఉన్న ఏడాది వాహనాన్ని నదిలోకి తీసుకెళ్లరు, ఒడ్డునే కట్టి ఉంచి పూజలు జరిపిస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో ఇలా ఒడ్డునే జరిపించాల్సి రావడం పలుమార్లు చూశాం. హంస కదలని ఏడాది నదీ విహారానికి మరో రెండు మూడు వారాలు ఆగడం వివేకం.

గేట్లు దించి నీరు నిలిచాక మరో మార్పు వస్తుంది. వరదలో ఎర్రమట్టి కలిసి చిక్కగా పారిన నీరు నవంబరు మధ్యకు తేరుకుని పచ్చనీలంగా మారుతుంది. ఒడ్డు చెట్ల నీడలు అందులో కనిపించేది అప్పుడే. ఫొటోల కోసం వెళ్లేవారు పట్టించుకోని విషయమిది. మడ్డి నీటిలో ఏ రంగూ స్పష్టంగా ప్రతిఫలించదు.

ఆకాశం సంగతి

డెల్టా బంగారు రంగు తిరిగే నెల రోజులే బంగాళాఖాతంలో తుపానులు పుట్టే రోజులు కూడా. దివిసీమను ఉప్పెన ముంచింది 1977 నవంబరు 19న. కోతకు సిద్ధమైన చేల మీదికి, ఊళ్ల మీదికి సముద్రం వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు పది వేల దాకా ఉన్నారు. దివి ప్రజలకు నవంబరు మూడో వారం ఇప్పటికీ మామూలు వారం కాదు. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి కుప్పల మీదున్న ధాన్యం, కోయాల్సిన చేలు తడిసిపోయి రైతు చేతికి రంగు మారిన గింజ మిగిలింది. పర్యాటకుడికి ఒక ఆదివారం పోతుంది, రైతుకు ఏడాది కష్టం పోతుంది. ఈ రంగును చూడ్డానికి వెళ్లేవారు ఆ మాట మనసులో పెట్టుకోవాలి. చేలగట్ల మీద వాహనాలు ఆపి, పండిన వరిలోకి దిగి ఫొటోలు తీసుకుంటే రాలే ప్రతి గింజా రైతుకు నష్టమే.

వాతావరణ శాఖ తుపాను సూచనలు ఇప్పుడు నాలుగైదు రోజుల ముందే వస్తున్నాయి. అల్పపీడనం బలపడుతోందని వినగానే ప్రయాణం వాయిదా వేసుకోవడం మేలు. రంగు ఎక్కడికీ పోదు. తుపాను దాటాక రెండు మూడు రోజుల్లో గాలి కడిగినట్టుగా తేటపడుతుంది, ఏడాది మొత్తంలో కొండపల్లి కొండలు విజయవాడ నుంచి అంత స్పష్టంగా కనిపించే రోజులు తక్కువ.

డిసెంబరు రెండో సగం నుంచి సంక్రాంతి దాకా పొగమంచుది ఇంకో ఇబ్బంది. తెల్లవారుజామున నది మీద మంచు దట్టంగా కమ్మి, ఎనిమిదింటి దాకా అవతలి ఒడ్డు కనపడదు. ఆ రోజుల్లో ఉదయం పడవ పెట్టుకుంటే రంగు కాదు గదా, రేవే తెలియదు.

కార్తీకం పేరుతో పొరపాటు

విజయవాడ వాళ్లకు నదీ విహారమంటే కార్తీకమే. భవానీ ద్వీపంలో ఉసిరి చెట్ల కింద వనభోజనాలు, సాయంత్రం నదిలో దీపాలు. ఆ అనుబంధం గొప్పదే. అయితే కార్తీకం చంద్రుణ్నిబట్టి వస్తుంది, వరి సూర్యుణ్నిబట్టి పండుతుంది. 2025లో కార్తీకం అక్టోబరు 22న మొదలై నవంబరు 20తో ముగిసింది. ఆ ఏడాది కార్తీక మాసపు మొదటి రెండు వారాలు డెల్టా ఇంకా పచ్చగానే ఉంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్ల దీపావళి నవంబరు 8కి జరిగింది. కార్తీకం ఆ తర్వాతే మొదలై డిసెంబరు దాకా సాగుతుంది, పసిడి కాలం దాదాపు అంతా అందులో ఇమిడిపోతుంది. అధికమాసం వచ్చిన ఏడాది కార్తీకం వెనక్కి జరుగుతుందన్నది గుర్తుంచుకుంటే, ఆ మాసంలోనే రంగు దొరుకుతుందా లేదా అన్నది క్యాలెండరు తెరిచి చెప్పొచ్చు.

కార్తీక ఆదివారాలు, సోమవారాలు, పౌర్ణమి మాత్రం పడవకు అనువైనవి కావు. కారణం జనం. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర, పోలవరం కుడి కాలువ గోదావరి నీళ్లను తెచ్చి కృష్ణలో కలిపే పవిత్ర సంగమం సమీపంలో, పరిమితికి మించి ఎక్కించుకున్న పడవ తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఆనాడు నదిలో వరద లేదు, తుపాను లేదు. రద్దీ ఒక్కటే ఉంది. అనుకూల సమయం గురించి ఎంత లెక్క వేసినా, పడవ నిండాక ఎక్కే చివరి పది మంది ఆ లెక్కను చెడగొడతారు. మంగళవారం నుంచి శుక్రవారం మధ్య ఏ సాయంత్రమైనా అదే నది, అదే రంగు, సగం జనంతో దొరుకుతుంది.

ఏ నెలలో ఏ దారి

అక్టోబరు రెండో సగంలో వరద తగ్గితే విజయవాడ ఎగువ నీళ్లు బాగుంటాయి. కృష్ణ లంకల మీద రెల్లు పూసి తెల్లగా ఉంటుంది. గాలి వీచినప్పుడు లంక మొత్తం ఒక్కసారి వంగి లేస్తుంది. పున్నమి ఘాట్ నుంచి సుమారు 130 ఎకరాల భవానీ ద్వీపానికి పర్యాటక శాఖ బోట్లున్నాయి. అరటి, కంద, పసుపు పండే లంకలు ఈ దారిలో రెండు వైపులా కనిపిస్తాయి. ఇక్కడ వరి కనపడదని ముందే తెలుసుకోవాలి. డెల్టా చేలు బ్యారేజీకి దిగువన ఉంటాయి, పడవలు తిరిగే నీరు ఎగువన ఉంటుంది.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. 1850లలో కృష్ణకు మొదటి ఆనకట్ట పడి కాలువలు తవ్వాక, ఆ కాలువలే రోడ్లు. బెజవాడ నుంచి బందరు, ఏలూరు వెళ్లాలంటే పడవే. పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలిసేది, అలా నీటి మీదే మద్రాసు దాకా వెళ్లేవారు. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి గట్టు మీద నుంచి మనుషులు లాగేవారు. లాకుల దగ్గర గంటల తరబడి ఆగడం, రెండు వైపులా వరిచేలు, రాత్రి పడవలోనే వంట. కార్తీకంలో ఆ దారిన పోయిన ప్రయాణికుడు నేడు మనం వెతుక్కునే దృశ్యాన్ని టికెట్టు ధరలోనే చూశాడు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణపై రైలు వంతెన పడ్డాక కాలువ పడవల ప్రాధాన్యం క్రమంగా తగ్గింది. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణ నదుల కొంత భాగాన్ని కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ముక్త్యాల–విజయవాడ భాగానికి 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. డెల్టా కాలువల మీద ప్రయాణికుల పడవ మాత్రం ఇంకా తిరిగి రాలేదు. సార్వా కోతల నెలలో ఏలూరు కాలువ మీద ఇరవై కిలోమీటర్ల పడవ నడిపినా చాలు, దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఇది జరగవలసిన పని.

అది జరిగేలోగా నవంబరు, డిసెంబరు రంగును గట్టు మీద నుంచి, నీటి మీద నుంచి కలిపి చూడాలి. విజయవాడ నుంచి కరకట్ట వెంట అవనిగడ్డ వైపు వెళ్తే ఒక పక్క నది, ఇంకో పక్క చేలు. పులిగడ్డ దగ్గర నది చీలి దివిసీమను చేతుల్లోకి తీసుకుంటుంది. ఆ పాయ మీదుగా డెల్టా నీళ్లను దివికి దాటించే అక్విడక్టు అక్కడే ఉంది. అక్కణ్నుంచి నాగాయలంక చేరితే పడవ దొరుకుతుంది. ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికి జనం రోజూ దాటే పంటు కూడా ఉంది. ఒకే పూటలో పండిన వరి, నది మొగ, మడ అడవి మూడూ కనిపించే చోటు ఇది.

మడ చెట్లు ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి, కాబట్టి అక్కడ రంగు ఉండదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది. మడల మధ్య పెరిగే తిల్ల చెట్టు ఆకు రాల్చే ముందు పసుపుకు, నారింజకు, ఎరుపుకు తిరుగుతుంది. పచ్చని మడ మధ్య అక్కడక్కడా ఒక్కో చెట్టు నిప్పు రాజుకున్నట్టు నిలబడుతుంది. దాన్ని దూరం నుంచే చూడాలి. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ అడవి 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యంలో భాగం. బావురుపిల్లి బతికే చోటు. లోపలి పాయల్లోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఇక్కడ సమయాన్ని నిర్ణయించేది నెల కన్నా పోటూపాటూ. పాటు సమయంలో సన్నపాయల్లో పడవ బురదలో కూరుకుపోతుంది, పోటు ఎక్కుతుండగా లోపలికి వెళ్లి, తిరుగు ముఖం పట్టేలోగా బయటపడాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, పాటూ పెద్దదే. ఆ గంటలు పత్రికల్లో చూసి తెలుసుకునేవి కావు, నాగాయలంక మత్స్యకారులను అడిగి తెలుసుకోవలసినవి.

కొల్లేరు సరస్సుకు నవంబరు నుంచి మార్చి దాకా అనుకూలం. ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేరే కాలమది. నీరు లోతుగా ఉండే మొదటి నెలల్లోనే పడవ హాయిగా సాగుతుంది.

సంక్రాంతి దాటాక రంగు పొలాన్ని విడిచి చెట్టెక్కుతుంది. డెల్టా ఊళ్లలో దానికి మొదటి గుర్తు పెరట్లో బాదం చెట్టు. రాలే ముందు దాని పెద్ద ఆకులు తోలు మెరుపుతో ఎర్రబడతాయి. మేపుల్ ఆకును ఎరుపు చేసే వర్ణకమే బాదం ఆకునూ చేస్తుంది. అసలు రంగు కోసం మాత్రం నల్లమల వెళ్లాలి. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దిగువన లింగాలగట్టు దాకా లాంచీ ప్రయాణం సుమారు 110 కిలోమీటర్లు, ఐదారు గంటలు. తెలంగాణ పర్యాటక సంస్థ నడుపుతుంది. దారంతా రెండు వైపులా కొండలు, దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం. జనవరిలో చిరుమాను ఆకులు రాగిరంగు తిరుగుతాయి. తపసి చెట్లు ఆకు పూర్తిగా దులిపేసి తెల్లని మొండేలతో బండల మీద నిలుస్తాయి. వెదురు ఎండిన గడ్డి రంగులో ఉంటుంది. టేకు పెద్దాకులు గోధుమరంగులో వేలాడుతుంటాయి. ఫిబ్రవరికి కొండగోగు పసుపు పూలతో, బూరుగ ఎర్రపూలతో ఆకుల్లేని కొమ్మల మీద విచ్చుకుంటాయి. మార్చిలో మోదుగ.

రంగు గడియారానికి, నది గడియారానికి ఇక్కడే పొసగదు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. వరద నెలల్లో నిండిన నీరు దాళ్వా సాగుకు, తాగునీటికి కాలువల్లో పోయి జనవరి నుంచి మట్టం దిగుతుంది. నీరు బాగా దిగితే బండలు బయటపడి లాంచీ ఆపేస్తారు. అడవి రంగు నిండేది ఫిబ్రవరిలో, నీరు నిండుగా ఉండేది డిసెంబరు దాకా. రెండూ కలిసే సందు డిసెంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు. వానలు తక్కువైన ఏడాది ఆ సందు కూడా ఉండదు. మార్చి నుంచి అడవిలో కార్చిచ్చు పొగ కమ్ముకుంటుంది. మోదుగ కోసం వెళ్లేవారికి రోడ్డు దారే నయం. పూర్తి ప్రయాణం కుదరనివారికి సాగర్ నుంచి నాగార్జునకొండ దీవికి లాంచీ ఉంది. నీటిలో మునిగిన లోయ నుంచి తరలించిన బౌద్ధ శిల్పాల మ్యూజియం అక్కడే. దానికి శుక్రవారం సెలవు.

పాపికొండలు కృష్ణవి కావు గానీ విజయవాడ నుంచి రంగుల ప్రయాణమనగానే ఆ పేరు రాకుండా ఉండదు. అక్కడికి గోదావరి ఒడ్డున గండి పోశమ్మ గుడి దగ్గర నుంచి బోట్లున్నాయి. అక్కడి అడవి నల్లమల కన్నా తేమగా ఉంటుంది, ఆకు ఇంకా ఆలస్యంగా రాలుతుంది. నవంబరులో వెళ్తే నిండు పచ్చ, జనవరిలో పచ్చ మధ్య రాగిచారలు. సెప్టెంబరులో మాత్రం వెళ్లకూడదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా కచ్చులూరు దగ్గర బోటు మునిగి దాదాపు యాభై మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత రెండేళ్ల పాటు బోట్లు నిలిచిపోయి, 2021 నవంబరులో కొత్త నిబంధనలతో మొదలయ్యాయి.

ఏ గంటకు

విజయవాడ దగ్గర కృష్ణ పడమటి నుంచి తూర్పుకు వస్తుంది. కాబట్టి సాయంత్రం ఎగువకు సాగే పడవకు సూర్యుడు దాదాపు ఎదురుగా దిగుతాడు. నవంబరు మధ్యలో సూర్యాస్తమయం ఐదున్నర ప్రాంతంలో. నాలుగింటికి ఎక్కితే కొండల మీద పక్క వెలుగు, తిరిగి వచ్చేటప్పుడు ఆకాశం రంగు రెండూ దక్కుతాయి. వరిచేలకు మాత్రం ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య వెలుగు శ్రేష్ఠం. మంచు ఆరుతూ ఉన్న కంకి మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. మధ్యాహ్నం పసుపంతా తెల్లబారిపోతుంది. నల్లమల లోయల్లో లాంచీ ఉదయమే బయల్దేరుతుంది కాబట్టి ఎంచుకునే వీలు లేదు. పొద్దుటిపూట పడమటి ఒడ్డు కొండల మీద వెలుగు ఉంటుంది, మధ్యాహ్నానికి అది తూర్పు ఒడ్డుకు మారుతుంది. లాంచీలో ఏ పక్క కూర్చోవాలో దాన్నిబట్టి చూసుకోవచ్చు.

బయల్దేరే ముందురోజు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బ్యారేజీ దగ్గర ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో లెక్కలు వరద రోజుల్లో పత్రికల్లో, టీవీల్లో వస్తూనే ఉంటాయి. ప్రవాహం నాలుగు లక్షల క్యూసెక్కులకు చేరువైతే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, పర్యాటక బోట్లను ఆపడం అంతకు చాలా ముందే జరుగుతుంది. పులిచింతల నుంచి నీరు వదిలారని తెలిస్తే అది రోజు తిరక్కుండానే విజయవాడ చేరుతుందని లెక్క. పడవ దగ్గర లైఫ్ జాకెట్ అందరికీ ఉందా, చిన్నపిల్లల కొలతల్లో ఉన్నాయా, ఎంతమంది ఎక్కవచ్చో బోర్డు మీద రాసి ఉందా అని చూడాలి. లేకపోతే ఎక్కకూడదు. సరంగు గాలి బాగోలేదని అంటే వాదించకూడదు. నవంబరు రెండో వారంలో తప్పిపోయిన ప్రయాణానికి డెల్టాలో ఇంకో మూడు నాలుగు వారాలు మిగిలే ఉంటాయి. కంకిపాడు వైపు కోత అయిపోతే నాగాయలంక వైపు, అక్కడా కుప్పలు పడితే జనవరిలో సాగర్ మీద.